ఆక్సిజన్ కూడా మందే: వృద్ధుల సంరక్షణ గృహాల సిబ్బంది శిక్షణ సదస్సులో ఒక సీనియర్ నర్సు చేసిన ప్రసంగం

పగలనక రాత్రనక పెద్దల మంచాల పక్కన నిలబడి సేవ చేస్తున్న సంరక్షకులకు, నర్సులకు, ఇక్కడికి వచ్చిన వైద్యులకు నా నమస్కారాలు.

ఈ రోజు నేను ఒక చిన్న మర గురించి మాట్లాడబోతున్నాను. ఆక్సిజన్ ప్రవాహాన్ని కొలిచే ఫ్లో మీటర్ మీద ఉండే ఆ మరను తిప్పడానికి రెండు వేళ్లు చాలు, అర నిమిషం కూడా పట్టదు. ఒక మాత్ర ఎక్కువ ఇవ్వాలంటే వెనకాడే మనం, ఇంజెక్షన్ మోతాదును రెండుసార్లు సరిచూసుకునే మనం, ఈ మరను మాత్రం ఎవరినీ అడగకుండానే తిప్పేస్తాం. గాలే కదా, కాస్త ఎక్కువైతే నష్టమేముందనే భావన మనలో చాలామందికి ఉంది. నాకూ ఒకప్పుడు ఉండేది.

చాలా ఏళ్ల క్రితం నేను ఒక సంరక్షణ గృహంలో రాత్రి విధుల్లో ఉన్నప్పుడు, సీఓపీడీతో, అంటే ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బుతో, చాలాకాలంగా బాధపడుతున్న ఒక పెద్దాయన మా దగ్గర ఉండేవారు. వైద్యులు ఆయనకు నిమిషానికి ఒక లీటరు చొప్పున ఆక్సిజన్ రాశారు. ఒక రాత్రి ఆయనకు ఆయాసం పెరగడంతో పక్కనే ఉన్న సంరక్షకురాలు కంగారుపడి, ఆయన మీద ఉన్న అభిమానంతోనే, మరను ఐదు లీటర్ల వరకు తిప్పింది. వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూసే ఆక్సీమీటర్‌లో అంకె 89 నుంచి 98కి చేరింది. ఆమె ఊరట చెంది, "98 ఉంది, హాయిగా నిద్రపోతున్నారు" అని పుస్తకంలో రాసింది. తెల్లవారుజామున నేను వెళ్లి చూస్తే ఆయన ముఖం ఎర్రబారి ఉంది, అరచేతులు వెచ్చగా, చెమ్మగా ఉన్నాయి, నాడి బలంగా కొట్టుకుంటోంది, భుజం పట్టి కుదిపినా కళ్లు తెరవడం లేదు. ఆమె హాయైన నిద్ర అనుకున్నది నిజానికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవడం వల్ల కమ్ముకొస్తున్న మత్తు. సకాలంలో ఆసుపత్రికి చేర్చాం, ఆయన కోలుకున్నారు. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, ఎందుకంటే ఎక్కువ ఆక్సిజన్ కూడా హాని చేస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పవలసిన వారిలో నేను మొదటిదాన్ని. అప్పటి నుంచి ఎక్కడ పిలిచినా వెళ్లి ఈ మాట చెబుతూనే ఉన్నాను.

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతమే ఉంటుంది, మిగిలినదంతా దాదాపు నైట్రోజనే. అంతకు మించి ఇచ్చిన ప్రతి శాతమూ మనం బయటి నుంచి ఇస్తున్న మందే. సీఓపీడీ ముదిరిన వారిలో, ఊపిరితిత్తుల్లోని పాడైన భాగాలకు రక్తం వెళ్లకుండా అక్కడి రక్తనాళాలు తమంతట తామే ముడుచుకుని, ఉన్న రక్తాన్ని బాగా పనిచేసే భాగాల వైపు మళ్లిస్తాయి. మనం ఆక్సిజన్ గుమ్మరించినప్పుడు ఆ నాళాలు మళ్లీ తెరుచుకుని, గాలి సరిగా ఆడని భాగాలకు రక్తం వెళ్లిపోవడంతో కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవడం తగ్గిపోతుంది. దీనికి తోడు, ఆక్సిజన్‌తో నిండిన హిమోగ్లోబిన్ తాను మోస్తున్న కార్బన్ డయాక్సైడ్‌ను కొంత రక్తంలోకి వదిలేస్తుంది. కొందరిలో శ్వాస వేగం కూడా కొంత తగ్గుతుంది. పాత పాఠ్యపుస్తకాలు ఈ మూడో కారణాన్నే అసలు కారణంగా చెప్పేవి, కానీ మొదటి రెండింటి పాత్ర చాలా పెద్దదని తర్వాత తేలింది.

ఈ సంగతి వైద్యులకు కొత్తదేమీ కాదు. నిర్ణీత శాతానికి మించకుండా ఆక్సిజన్ ఇచ్చే వెంచురీ మాస్కును మోరాన్ క్యాంప్‌బెల్ అనే వైద్యుడు 1960లోనే పరిచయం చేశారు. 2010లో ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో వెలువడిన ఒక అధ్యయనంలో, అంబులెన్సులో సీఓపీడీ రోగులకు సాచురేషన్, అంటే ఆక్సీమీటరు చూపే రక్తంలోని ఆక్సిజన్ శాతం, 88 నుంచి 92 మధ్య ఉండేలా కొలిచి ఇచ్చినప్పుడు, అందరికీ ఒకే విధంగా ఎక్కువ ఆక్సిజన్ ఇచ్చినప్పటి కంటే మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఇచ్చింది అదే ఆక్సిజన్, దాన్ని కొలిచి ఇచ్చే తీరే మారింది.

అందువల్ల మీ దగ్గర ఆక్సిజన్ మీద ఉన్న ప్రతి పెద్దమనిషి మంచం దగ్గరా ఒక లక్ష్యం రాసి ఉండాలి. సీఓపీడీ, తీవ్రమైన స్థూలకాయం, వెన్నెముక వంకర, కండరాల బలహీనత వంటి కారణాల వల్ల కార్బన్ డయాక్సైడ్ పేరుకునే ప్రమాదం ఉన్నవారికి ఆ లక్ష్యం సాధారణంగా 88 నుంచి 92 వరకు, హఠాత్తుగా జబ్బుపడిన మిగిలినవారిలో ఎక్కువమందికి 94 నుంచి 98 వరకు ఉంటుంది. ఎవరు ఏ వర్గంలోకి వస్తారో వైద్యులే నిర్ణయించాలి. "అవసరమైతే ఆక్సిజన్ పెట్టండి" అని మాత్రమే రాసి ఉన్న చీటీని దయచేసి అంగీకరించకండి. ఏ పరికరంతో ఇవ్వాలి, నిమిషానికి ఎన్ని లీటర్లు, రోజుకు ఎన్ని గంటలు, సాచురేషన్ ఎంతలో ఉండాలి, ఎంతకు పడిపోతే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి స్పష్టంగా రాయమని వైద్యులను వినయంగా అడగండి. అలా అడగడం మీ హక్కు మాత్రమే కాదు, మీ ఉద్యోగంలో భాగం.

లక్ష్యాన్ని చూడాలంటే ఆక్సీమీటరును నమ్మాలి, కానీ దాన్ని గుడ్డిగా నమ్మకూడదు. చేతులు చల్లబడి ఉంటే, గోళ్లకు రంగు ఉంటే, పార్కిన్సన్ వ్యాధితో వేళ్లు వణుకుతుంటే అది తప్పు అంకె చూపించవచ్చు. వేలిని కాసేపు మీ అరచేతుల మధ్య పట్టుకుని వెచ్చబరచి, పరికరం పెట్టిన తర్వాత అంకె నిలకడగా ఉండే వరకు ఒక నిమిషం ఆగి రాయండి. ముదురు రంగు చర్మం ఉన్నవారిలో ఈ పరికరం ఉన్నదాని కంటే ఎక్కువ చూపించే అవకాశం ఉందని 2020లో అమెరికాలో వెలువడిన పరిశీలన గట్టిగా గుర్తుచేసింది. అంకె బాగుందని మనిషిని చూడటం మానేస్తే ఏమవుతుందో నేను చెప్పిన పెద్దాయన విషయంలో విన్నారు.

మనిషిని చూడటమంటే ఏమిటో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే వృద్ధుల్లో ఆక్సిజన్ తగ్గినప్పుడు "నాకు ఊపిరి ఆడటం లేదు" అని వారు నోరు తెరిచి చెప్పకపోవచ్చు. నిన్నటి వరకు మిమ్మల్ని పేరు పెట్టి పిలిచిన మామ్మగారు ఈ రోజు మిమ్మల్ని తన చెల్లెలనుకోవచ్చు. ఎప్పుడూ నెమ్మదిగా ఉండే తాతగారు దుప్పటిని పీకుతూ, ముక్కు గొట్టాన్ని లాగేస్తూ, లేచి ఎటో వెళ్లిపోవాలని చూడవచ్చు. దాన్ని మొండితనమనో, మతిమరుపు ముదిరిందనో అనుకుని చేతులు కట్టేయడానికి వెళ్లకముందు వేలికి ఆక్సీమీటరు పెట్టండి, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో పూర్తి నిమిషం లెక్కపెట్టండి, గొట్టం మంచం చక్రం కింద నలిగిందేమో చూడండి. ఇంకోవైపు, పొద్దున్నే తలనొప్పి, పట్టపగలు జోగడం, చేతులు ముందుకు చాపమంటే పక్షి రెక్కల్లా అల్లాడటం కనిపిస్తే అది కార్బన్ డయాక్సైడ్ పెరుగుతున్న సూచన కావచ్చు. అప్పుడు మీ అంతట మీరు మర పెంచకండి, అలాగని ఆక్సిజన్‌ను ఒక్కసారిగా తీసివేయనూ వద్దు, ఎందుకంటే హఠాత్తుగా ఆపితే సాచురేషన్ ముందున్న దాని కంటే కిందికి పడిపోవచ్చు. రాసిన లక్ష్యంలోకి తెచ్చి, తలవైపు ఎత్తి కూర్చోబెట్టి, వెంటనే వైద్యులను పిలవండి.

పరికరాల గురించి క్లుప్తంగా చెబుతాను. ముక్కు గొట్టం, అంటే కాన్యులా, సాధారణంగా నిమిషానికి ఒకటి నుంచి ఆరు లీటర్ల వరకు వాడతారు. ఒక లీటరుకు సుమారు 24 శాతం, రెండింటికి సుమారు 28 శాతం ఆక్సిజన్ అందుతుందని లెక్క చెబుతారు గానీ, ఊపిరి వేగాన్ని బట్టి అది మారిపోతుంది. సాదా మాస్కును ఐదు లీటర్లకు తక్కువగా ఎప్పుడూ పెట్టకూడదు, ఎందుకంటే తాము వదిలిన గాలినే వారు మళ్లీ పీలుస్తారు. సంచి ఉన్న మాస్కు అత్యవసరానికి మాత్రమే, 10 నుంచి 15 లీటర్లతో, సంచి పూర్తిగా నిండిన తర్వాతే ముఖానికి పెట్టాలి. మాస్కు మీద ఉన్నవారికి భోజనం వేళ వైద్యుల అనుమతితో కాన్యులా మార్చండి. తినేటప్పుడు మాస్కు పక్కన పడేసి అరగంట సేపు ఆక్సిజన్ లేకుండా వదిలేయడం నేను చాలాచోట్ల చూశాను. తేమ సీసా విషయంలో మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాలి. నాలుగు లీటర్ల లోపు ప్రవాహానికి అది సాధారణంగా అవసరం ఉండదు. వాడితే శుద్ధి చేసిన నీటితోనే వాడాలి, మిగిలిన నీటిలోనే కొత్త నీళ్లు పోయకుండా రోజూ పారబోసి, సీసా కడిగి, ఆరబెట్టి నింపాలి. మురికి నీటిలోంచి బుడగలుగా పోయే గాలి క్రిములను నేరుగా ఊపిరితిత్తులకు చేరుస్తుంది.

ఇక చర్మం సంగతి. కాన్యులా చెవుల మీదుగా వెళ్లే చోట, చెవి వెనక మడతలో, ఒక సన్నని గీతలా ఎర్రబారి మొదలయ్యే పుండు ఉంటుంది. జుట్టు కింద దాగి ఉంటుంది కాబట్టి కనబడదు. పెద్దల చర్మం పలచన కాబట్టి అది రెండు మూడు రోజుల్లో లోతుగా దిగిపోతుంది. ప్రతి షిఫ్టులో ఒకసారి గొట్టాన్ని పైకెత్తి, వేలితో తడిమి, వెలుతురులో చూడండి. మెత్తటి దూది పట్టీని గానీ, నురుగు తొడుగును గానీ అక్కడ పెట్టండి. బుగ్గల మీద, ముక్కు రంధ్రాల మధ్య కూడా చూడండి. ముక్కు ఎండిపోతే నీటితో తయారైన జెల్ మాత్రమే రాయాలి, పెట్రోలియం జెల్లీ గానీ, నూనె గానీ, నూనె ఉన్న బామ్ గానీ ముఖం మీద పనికిరావు. ఎందుకు పనికిరావో చెప్పడానికి ఇప్పుడు నిప్పు దగ్గరికి రావాలి.

ఆక్సిజన్ తనంతట తాను మండదు. కానీ మండే ప్రతిదాన్నీ ఎన్నో రెట్లు ఉధృతంగా మండిస్తుంది. 1967 జనవరి 27న అమెరికాలో అపోలో 1 వ్యోమనౌకలో నేల మీదే ప్రయోగానికి ముందస్తు పరీక్ష జరుగుతుండగా, స్వచ్ఛమైన ఆక్సిజన్ నిండిన ఆ గదిలో ఒక నిప్పురవ్వ క్షణాల్లో మంటగా మారి ముగ్గురు వ్యోమగాములను బలి తీసుకుంది. మన గదిలో అంత ఆక్సిజన్ ఉండదు, నిజమే. అయితే కాన్యులా పెట్టుకున్న మనిషి ముఖం చుట్టూ, గడ్డంలో, దుప్పటి మడతల్లో, దిండులో, చొక్కా నూలు పోగుల మధ్య అది చేరి నిలుస్తుంది. మామూలుగా మెల్లగా పొగలు కక్కే గుడ్డ ఆ స్థితిలో ఒక్కసారిగా భగ్గుమంటుంది. మర మూసిన తర్వాత కూడా బట్టల్లో కొంతసేపు మిగిలే ఉంటుంది.

కాబట్టి కాన్యులా తీసి, ఆక్సిజన్ పారుతుండగానే, మంచం మీద పడేసి స్నానానికి తీసుకువెళ్లడం ఎంత ప్రమాదమో ఊహించండి. పది నిమిషాల్లో పరుపు ఆక్సిజన్‌ను పీల్చుకుని కూర్చుంటుంది. తీయగానే మర మూయడం మీ చేతికి అలవాటు కావాలి. దేవుడి దగ్గర దీపం, అగరుబత్తి, గ్యాస్ పొయ్యి, రూమ్ హీటరు వంటి వాటికి కనీసం మూడు మీటర్ల దూరం ఉండాలి. చేతులకు ఆల్కహాల్ శానిటైజర్ రాసుకుంటే అది పూర్తిగా ఆరిన తర్వాతే గొట్టాన్ని ముట్టుకోవాలి. రేజర్, హెయిర్ డ్రయ్యర్ వంటి కరెంటు పరికరాలను ఆక్సిజన్ ఇస్తూ వాడకూడదు.

పొగ తాగే పెద్దల విషయంలో నాకు ఎక్కువ ఆందోళన. అరవై ఏళ్ల అలవాటును ఒక బోర్డు మాన్పించలేదు. వారిని తిట్టినా, పెట్టె లాక్కున్నా వారు దొంగచాటుగా స్నానాల గదిలో, గొట్టం ముక్కుకు ఉండగానే వెలిగిస్తారు. అది ముఖం కాలిపోయే ప్రమాదం. వారితో గౌరవంగా మాట్లాడండి, మానేందుకు వైద్యుల సాయం ఇప్పించండి. మానలేకపోతే ఆ సంగతి వైద్యులకు దాచకుండా చెప్పండి. వారు ఇంటి ఆక్సిజన్ రాయడానికి ముందే తెలుసుకోవలసిన విషయం అది. ఆక్సిజన్ ఆపి, కాన్యులా తీసి, ఆరుబయట కనీసం 20 నిమిషాలు బట్టలకు గాలి తగలనివ్వకుండా ఎవరూ నిప్పు దగ్గరికి వెళ్లకూడదు. ఈ నియమం ఈ-సిగరెట్టుకూ, దాని చార్జింగుకూ వర్తిస్తుంది. చూడటానికి వచ్చే కొడుకులకు, కూతుళ్లకు కూడా ఇదంతా గుమ్మం దగ్గరే చెప్పండి.

సిలిండర్లను నిలబెట్టి, గొలుసుతో గోడకు గానీ బండికి గానీ కట్టి ఉంచాలి. పడిపోయి మూతి విరిగిన సిలిండర్ లోపలి ఒత్తిడికి బాణంలా దూసుకుపోతుంది. రంగును బట్టి గుర్తుపట్టకండి, దేశాన్ని బట్టి రంగులు మారుతాయి, మీద అతికించిన చీటీ చదవండి. నూనె చేతులతో వాల్వును తాకకండి, దాన్ని నెమ్మదిగా తెరవండి. హఠాత్తుగా తెరిస్తే గాలి ఒత్తుకుని, సిలిండర్ ఒత్తిడిని తగ్గించి ఇచ్చే రెగ్యులేటర్‌లో వేడి పుడుతుంది. ఎంతసేపు వస్తుందో లెక్కకట్టడం ప్రతి ఒక్కరికీ రావాలి. నీటి సామర్థ్యం 10 లీటర్లున్న సిలిండర్‌లో ఒత్తిడిని కొలిచే గేజీ 150 బార్ చూపిస్తే లోపల సుమారు 1500 లీటర్ల ఆక్సిజన్ ఉన్నట్టు. నిమిషానికి రెండు లీటర్లు వాడితే 750 నిమిషాలు, అంటే పన్నెండున్నర గంటలు. అదే గేజీ 40కి దిగితే మిగిలింది మూడు గంటల ఇరవై నిమిషాలే. రాత్రి పది గంటలకు 40 చూపిస్తున్న సిలిండర్‌ను చూసి "ఇంకా ఉందిలే" అనుకుని పడుకుంటే రాత్రి ఒంటిగంటన్నరకు ఏం జరుగుతుందో మీరే లెక్క వేసుకోండి.

కాన్సన్‌ట్రేటరు గది గాలిలోని నైట్రోజన్‌ను జియోలైట్ అనే పదార్థం మీద పట్టి ఉంచి, సుమారు 90 నుంచి 95 శాతం ఆక్సిజన్‌ను ఇస్తుంది. దానికి ఊపిరి గది గాలే కాబట్టి గోడకు, తెరలకు ఆనించి పెడితే ఉక్కిరిబిక్కిరవుతుంది. చుట్టూ కనీసం ఒక అడుగు ఖాళీ వదలండి, వారానికి ఒకసారి ఫిల్టరు కడిగి పూర్తిగా ఆరబెట్టి బిగించండి. కరెంటు పోతే అది ఆగిపోతుంది, అందుకే నిండు సిలిండరూ, దానికి సరిపడే రెగ్యులేటరూ అదే గదిలో లేదా పక్క గదిలో ఉండాలి. చీకట్లో టార్చి వెలుగులో రెగ్యులేటర్ బిగించడం మీలో ఎంతమందికి వచ్చో ఈ నెలలోనే ఒక రాత్రి దీపాలు ఆర్పి పరీక్షించుకోండి. పొడవాటి గొట్టాలు నేల మీద పాములా పడి ఉంటే కాళ్లకు చుట్టుకుని పెద్దలు పడిపోతారు. తుంటి ఎముక విరిగితే వారి జీవితమే మారిపోతుంది. గొట్టాన్ని గోడ వెంట నడపండి, వారు నడిచేటప్పుడు మీరు పట్టుకుని పక్కన నడవండి.

ఆయాసపడే ప్రతివారికీ ఆక్సిజన్ కావాలనేమీ లేదు. సాచురేషన్ బాగుండి కూడా ఊపిరి ఆడనట్టు ఉండేవారు, ముఖ్యంగా జీవిత చరమ దశలో ఉన్నవారు ఉంటారు. అలాంటి వారికి గొట్టం ద్వారా ఆక్సిజన్ ఇచ్చినా, గది గాలినే ఇచ్చినా ఉపశమనంలో తేడా కనబడలేదని 2010లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశోధన చూపింది. ముఖం మీదికి చిన్న ఫ్యాను గాలి తగలడం, ముందుకు వంగి బల్ల మీద మోచేతులు ఆనించి కూర్చోవడం, పక్కన ఒక మనిషి చెయ్యి పట్టుకుని ఉండటం వారికి ఎక్కువ హాయినిస్తాయి. మరోవైపు, సీఓపీడీ వల్ల రక్తంలో ఆక్సిజన్ ఎప్పుడూ తీవ్రంగా తక్కువగా ఉండేవారికి రోజుకు కనీసం 15 గంటలు ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని 1980, 1981లలో వెలువడిన రెండు ప్రసిద్ధ అధ్యయనాలు నిరూపించాయి. అలాంటి వారికి అది అలంకారం కాదు, మధ్యాహ్నం మూడు గంటలు తీసి పక్కన పెట్టారంటే ఆ మూడు గంటలు లెక్కలోంచి పోయినట్టే. "తాతగారూ, పెట్టుకోండి" అని పదిసార్లు చెప్పే ముందు, ఆయన ఎందుకు తీస్తున్నారో ఒకసారి అడగండి. చెవి వెనక నొప్పి పుట్టి ఉండవచ్చు, యంత్రం మోతకు నిద్రపట్టక ఉండవచ్చు, మనవరాలి ముందు గొట్టంతో కనిపించడం ఇష్టం లేకపోవచ్చు.

ఆ బల్ల మీద మీకందరికీ కొత్త కాన్యులాలు పెట్టాం. గాలి ఏమీ రాదు, ఉత్త గొట్టాలే. ఒక్కొక్కరు ఒకటి తీసుకుని, కొమ్ముల వంపు కిందికి ఉండేలా ముక్కుకు పెట్టుకుని, చెవుల మీదుగా తిప్పి గడ్డం కింద బిగించండి. భోజనం చేసేటప్పుడు, మాట్లాడేటప్పుడు, కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు కూడా తీయవద్దు. మధ్యాహ్నం మూడు గంటలకు మళ్లీ ఇక్కడే కూర్చుని, ఎక్కడ నొప్పి పుట్టింది, ఎప్పుడు తీసేయాలనిపించింది, అన్నం తినేటప్పుడు ఎలా ఉంది అన్నవి ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుందాం. నేను కూడా పెట్టుకుంటున్నాను.